చెన్నై ఉక్కపోతలో ఓట్స్ కుకీలు

(ట్రే మీద దగ్గరి షాట్)

ఈ ఫోటో నిరుడు మే నెలది. ఇరవై ఉండలు పెట్టి ఓవెన్‌లోకి తోస్తే బయటికి ఒక్కటే వచ్చింది, ట్రే అంత వెడల్పున. పక్కింటి అత్తయ్యగారు చూసి "ఊతప్పం ఓవెన్‌లో కూడా వేస్తారా అమ్మా?" అన్నారు. అప్పటి నుంచి పట్టుదలగా చేస్తూనే ఉన్నాను. తేలిందేమిటంటే, రెసిపీలో తప్పేం లేదు, అది చలిదేశం వాళ్లు రాసుకున్న రెసిపీ, మనమేమో పెరంబూర్‌లో మధ్యాహ్నం రెండింటికి చేస్తున్నాం.

బటర్ 32–35 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఎండాకాలం మన వంటింట్లో వేడే అంతుంటుంది, ఇంక అది ఓవెన్ దాకా ఎందుకు ఆగుతుంది?

(గిన్నె, తూకం)

100 గ్రాముల అమూల్ బటర్ ప్యాకెట్ ఒకటి. అందులో ఉప్పు ఉంది కాబట్టి మళ్లీ వేయొద్దు. వేలితో నొక్కితే గుంట పడాలి, అంతే, నూనెలా మెరుస్తుంటే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి. బ్రౌన్ షుగర్ కోసం సూపర్ మార్కెట్లు తిరగక్కర్లేదు, కిరాణా కొట్లో నాట్టు సక్కరై అని అడగండి, అంటే మన బెల్లం పొడే, అది 100 గ్రాములు, ఉండలుంటే జల్లించుకోండి. రెండూ కలిపి గిలక్కొట్టి, ఒక గుడ్డు వేసి మళ్లీ కొట్టండి. గుడ్డు తినని ఇళ్లలో మూడు పెద్ద చెంచాల గట్టి పెరుగు వేసుకోవచ్చు, కాకపోతే కుకీ కాస్త కేకులా మెత్తగా వస్తుంది, ముందే చెబుతున్నా.

తర్వాత 90 గ్రాముల మైదా, అర టీస్పూన్ వంటసోడా, అర టీస్పూన్ దాల్చినచెక్క పొడి, 130 గ్రాముల ఓట్స్. ఓట్స్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రోల్డ్ ఓట్స్ కావాలి, అటుకుల్లా విడివిడిగా కనిపించేవి. ఇన్‌స్టంట్ వేస్తే పిండిలో కలిసిపోతాయి, స్టీల్ కట్ వేస్తే పంటి కింద రాళ్లే. ఇంట్లో మసాలా ఓట్స్ ఉన్నాయి, అవి వేయొచ్చా అని మా తమ్ముడు అడిగాడు. వాడికి ఏం చెప్పానో ఇక్కడ చెప్పను.

(కిస్‌మిస్ దగ్గరగా)

ఇప్పుడు డ్రై ఫ్రూట్స్. నేను షావుకారుపేట వెళ్లి తెచ్చుకుంటాను, పోయినందుకు తిరగడమూ అవుతుంది. కిస్‌మిస్‌ని ప్యాకెట్‌లోంచి నేరుగా పోస్తే రెండు నష్టాలు. అది ఎండిపోయి ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్న పిండిలో తేమంతా లాగేసుకుంటుంది, పైకి తేలినవేమో మాడి చేదెక్కుతాయి. అందుకే పది నిమిషాలు వేడి నీళ్లలో వేసి, వడకట్టి, బట్ట మీద అద్ది ఆరబెట్టండి. ఇదిగో, ఈ ముడతలు కాస్త విప్పుకున్నాయి చూడండి, ఇంతే చాలు, ఉబ్బి గుండ్రంగా అయితే ఎక్కువ నానినట్టే. ఖర్జూరం నానబెట్టొద్దు, అసలే జిగురు. ముక్కలు కోసి చెంచాడు మైదాలో దొర్లిస్తే ఒకదానికొకటి అంటుకోవు. ఆప్రికాట్ నారింజ రంగులో మెరుస్తుంటే అది సల్ఫర్ డయాక్సైడ్ పట్టించినది, పట్టించనిది గోధుమ రంగుకి తిరుగుతుంది, చూడ్డానికి బాగుండదు గానీ నాకైతే దాని రుచే ఇష్టం. అన్నీ కలిపి 100 గ్రాములు దాటొద్దు. ప్రేమకొద్దీ ఎక్కువ వేస్తే కుకీ విరిగిపోతుంది.

కలిపాక పిండిని అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, ఈ ఒక్కటీ మాత్రం మానొద్దు. బటర్ గట్టిపడుతుంది, ఓట్స్ తడి పీల్చుకుంటాయి, ఆ రెంటివల్లే కుకీ ట్రేలో పారిపోకుండా నిలబడుతుంది. ఈలోగా ఓటీజీని, అంటే మన చిన్న కరెంటు ఓవెన్‌ని, 170 డిగ్రీల్లో, పైనా కిందా రెండు రాడ్లూ వేసి, పది నిమిషాలు వేడెక్కనివ్వండి.

(ఓవెన్ అద్దంలోంచి)

నిమ్మకాయంత ఉండలు, మధ్యలో రెండు వేళ్ల ఎడం, పైన కొంచెం నొక్కాలి. 12 నిమిషాలు. అంచులు రంగు తిరిగి, నడిమి ఇంకా పచ్చిగా కనిపిస్తున్నప్పుడే తీసేయండి. భయపడొద్దు, వేడి ట్రే మీద ఇంకో ఐదు నిమిషాలు అవి ఉడుకుతూనే ఉంటాయి. గట్టిపడే దాకా లోపల ఉంచారో, చల్లారాక సుత్తి వెతుక్కోవాలి.

చల్లారకుండా డబ్బాలో పెడితే ఆవిరికి మెత్తబడతాయి. చల్లారినవి పెట్టినా, ఈ ఊరి గాలికి రెండో రోజుకల్లా మెత్తబడొచ్చు, బెల్లం తేమని పిలుచుకుంటుంది మరి. అలాంటప్పుడు 150 డిగ్రీల్లో ఐదు నిమిషాలు పెట్టి తీసి, పూర్తిగా ఆరనిచ్చి తినండి. నేనైతే ఇరవైలో పది మాత్రమే కాలుస్తాను, మిగతా ఉండలు ఫ్రీజర్‌లోకి. కావాల్సిన రోజు కరగనివ్వకుండా అలాగే ట్రేలో పెట్టి, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ కాలుస్తాను. ఇదిగో, ఈ ప్లేటు ఊతప్పం అన్న అత్తయ్యగారికి.