మన చెరువు రొయ్యలు డాలస్‌లో గ్రిల్ మీద (పిన్ని అడిగిందని పెడుతున్న వీడియో)

హాయ్ అండి, అందరూ ఎలా ఉన్నారు. ఈ వీడియో మా పిన్ని కోసం. మొన్న వాట్సాప్ స్టేటస్‌లో గ్రిల్ మీద రొయ్యలు కాలుతున్న ఫొటో పెడితే వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది, "ఏవే, అక్కడ మంచి రొయ్యలు దొరుకుతాయా, బొగ్గులు ఎవరు తెచ్చిస్తారే నీకు" అని. భీమవరంలో కూర్చుని నన్ను రొయ్యలు దొరుకుతాయా అని అడుగుతోంది చూడండి. పిన్నీ, ఇదిగో జూమ్ చేస్తున్నా, ఈ ప్యాకెట్ వెనకాల చిన్న అక్షరాలు చూడు, ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా, పక్కనే ఫార్మ్ రైజ్డ్, అంటే చెరువులో పెంచినవి అని.

ఇక్కడ 2005 నుంచి రూల్ అండి, పెద్ద షాపుల్లో చేపలూ రొయ్యలూ అమ్మితే ఏ దేశంవో, పెంచినవో సముద్రంలో పట్టినవో చెప్పి తీరాలి. ఏ ఊరో మాత్రం రాయరు. రాయకపోయినా మన దేశంలో పెంచే రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రావే కాబట్టి ఇవి మా బాబాయి చెరువువే అని నేను డిసైడ్ అయిపోయా, ఎవరూ కాదనకండి. ఇంకో తమాషా ఏంటంటే ఈ ప్యాకెట్లో ఉన్న వనామీ అనే రకం రొయ్య అసలు మన రకం కాదు కదా, దీని పుట్టిల్లు ఇటువైపే, మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మన దగ్గర పెంచడానికి పర్మిషన్ ఇచ్చింది 2009లో. అంటే దీని తాతముత్తాతలు ఇక్కడి నుంచి వెళ్ళి, ఇది మన మేత తిని పెరిగి, ఐసులో మళ్ళీ ఇటే వచ్చింది, మా అమ్మ విజిటర్ వీసా కంటే దీనికే తొందరగా పని అయింది.

ఇప్పుడు కౌంట్ సంగతి, ఇది చెప్పకపోతే బాబాయి ఫోన్ చేసి మరీ తిడతారు. మన దగ్గర కిలోకి ఎన్ని తూగితే అన్ని కౌంట్, తలతో సహా. ఇక్కడ పౌనుకి లెక్క, పౌను అంటే 453 గ్రాములు, అదీ తల తీసేశాక. ఈ ప్యాకెట్ మీద 21/25 అని ఉంది కదా, అంటే పౌనుకి 21 నుంచి 25 తూగుతాయి అని. ఒక్కోటి 20 గ్రాముల దాకా, తల కూడా కలుపుకుంటే 30 గ్రాములు, అంటే మన లెక్కలో అటూఇటుగా 33 కౌంట్ సైజు. బాబాయి, కరెక్టేనా? గ్రిల్‌కి ఇంతకంటే చిన్నవి తీసుకోకండి, మసాలా వాసన పట్టేలోపే ఎండిపోతాయి.

రెండు పౌన్ల ప్యాకెట్ 19 డాలర్లు. డాలరు 90 లెక్కన వేసుకుంటే 1,700 పైన, మన తూకంలో 900 గ్రాములకి! నేను ఈ రేటు చెప్పిన రోజు బాబాయి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మాకు కిలోకి ఎంతొస్తుందో నీకు తెలుసుగా అమ్మా" అన్నారు. 2025 ఆగస్టు చివర్లో ఇండియా సరుకు మీద ఇక్కడ సుంకం 50 శాతం చేశారు చూడండి, అప్పుడు రోజూ ఫోనే, అక్కడ రేటు పెరిగిందా, జనం కొంటున్నారా అని. నేను షాపులో ఫ్రీజర్ ముందు నిలబడి ఫొటోలు తీసి పంపేదాన్ని. ఫ్రీజర్ తలుపు తెరిచి పట్టుకుని ఫొటోలు తీస్తుంటే పక్కన వాళ్ళు వింతగా చూసేవాళ్ళు.

సరే వంటకి వద్దాం. ఇవి ముందే వీపు చీల్చి నల్ల నరం తీసేసినవి, పెంకు మాత్రం ఉంటుంది, చెయ్యి పెడితే ఊడొచ్చేస్తుంది. చెరువు పట్టుబడి రోజు ఇంటికి బకెట్ వస్తే పెరట్లో పీటలేసుకుని అందరం ఒలిచేవాళ్ళం గుర్తుందా పిన్నీ, ఊళ్ళో సంగతులన్నీ అప్పుడే కదా తెలిసేవి. ఇప్పుడు మా మేనత్త కొడుకు సంబంధం తప్పిపోయిన విషయం నాకు ఎవరో పెట్టిన కామెంట్ చదివితే తెలిసింది, అదీ రెండు నెలల తర్వాత. పోనీలెండి.

ప్యాకెట్ కొనేటప్పుడు ఇంగ్రీడియెంట్స్ చదవండి. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే అది నీళ్ళు పట్టి ఉంచే మందు, పొయ్యి మీద పెట్టగానే ఆ నీళ్ళన్నీ వదులుతుంది, కాలడం మానేసి ఉడుకుతాయి. ఉత్త రొయ్యలు, ఉప్పు అని మాత్రమే ఉన్నవి చూసుకోండి. ఒలిచాక పేపర్ టవల్‌తో బాగా అద్దండి, తడి అస్సలు ఉండకూడదు. ఉప్పు, పసుపు, గుంటూరు కారం, ధనియాల పొడి, కొంచెం మిరియాలు, మెత్తగా నూరిన అల్లం వెల్లుల్లి. వెల్లుల్లి ముక్కలు ముక్కలుగా ఉంటే మంటకి మాడి చేదొస్తుంది. నూనె కాస్త ధారాళంగా వెయ్యండి, కారం మాడకుండా అదే కాపాడేది. నిమ్మకాయ ఇప్పుడు పిండొద్దు, పులుపులో నానితే పొయ్యి ఎక్కకముందే తెల్లగా బిగుసుకుపోతాయి. అరగంట నానితే చాలు.

బొగ్గులు అడిగావు కదా పిన్నీ, ఇది గ్యాస్ గ్రిల్. అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ బాల్కనీలో గ్రిల్ పెట్టనివ్వలేదు, చెక్క బిల్డింగులు కదా నిప్పు భయం. లోపల స్టవ్ మీద కారం వేపితే స్మోక్ అలారం ఊళ్ళోవాళ్ళందర్నీ లేపేది. ఇల్లు కొన్నాక నాకు నచ్చిన మొదటి వస్తువు ఈ గ్రిల్లే, సోఫా కూడా కాదు. కానీ సిలిండర్ ఉంది చూశారూ, ఇక్కడ బుకింగూ లేదు, ఇంటికి తెచ్చే అబ్బాయీ లేడు. ఖాళీది కార్లో వేసుకెళ్ళి షాపు బయట తాళం వేసిన ఇనప బోనులో ఉన్న నిండుదానితో మార్చుకోవాలి. 20 పౌన్ల సిలిండర్ అంటారు, మార్చుకునే చోట చాలావాటిలో నింపేది 15 పౌన్లే, అంటే ఏడు కిలోలు కూడా లేదు, దానికి 23 డాలర్లు, రెండు వేల పైనే. మన ఎర్ర సిలిండర్‌లో 14.2 కిలోలు ఉంటుంది కదా. మా ఆయన లెక్క కట్టి "ఇక నుంచి పులుసే పెట్టు" అన్నారు.

మూత వేసి పది పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి, జాలీకి నూనె పూయండి. రొయ్యల్ని ఒక్క పుల్లకి గుచ్చితే తిప్పేటప్పుడు పుల్లే గిర్రున తిరుగుతుంది, రొయ్య తిరగదు. రెండు పుల్లలు పక్కపక్కనే గుచ్చండి. ఈ ఐడియా పక్కింటాయనది, రిటైరైన పెద్దాయన, డెబ్బై దాటాయి. పేరు పెట్టి పిలవమంటారు, నాకు నోరు రాదు, తాతగారూ అంటే అర్థం కాదు, అందుకని సర్ అంటాను, ఆయన ఇబ్బందిగా నవ్వుతారు. వెదురు పుల్లలైతే అరగంట నీళ్ళలో నానబెట్టండి, లేకపోతే అవే ముందు కాలతాయి.

ఒక్కో వైపు రెండు నిమిషాలు, అంతే. ఎర్రగా అవ్వగానే అయిపోయిందనుకోవద్దు, పైన ఎర్రబడినా మధ్యలో ఇంకా గాజులా ఉంటుంది. లోపల కూడా తెల్లబడాలి, థర్మామీటర్ ఉంటే 145 ఫారెన్‌హీట్, మన లెక్కలో 63 డిగ్రీలు. కొంచెం వంగితే దించెయ్యండి, గుండ్రంగా ముడుచుకుపోతే రబ్బరే. ఇప్పుడు పిండండి నిమ్మకాయ.

ఆ పొగకి పక్కింటాయన కంచె మీద నుంచి తొంగి చూశారు, ప్లేట్లో నాలుగు పెట్టి ఇచ్చా. మొదటిదానికి ముఖం ఎర్రగా అయిపోయింది, దగ్గారు, లోపలికెళ్ళి పాల గ్లాసుతో వచ్చి మిగతా మూడూ తిన్నారు. ఇవి ఎక్కడ కొన్నావు అన్నారు. మా బాబాయి చెరువులో అని చెప్పేశా, ప్యాకెట్ దాచేసి.

పిల్లలు మాత్రం కడుక్కుని తింటున్నారు, కారం అంట. వాళ్ళని చూపించనులెండి, పిన్ని తిడుతుంది. ఈ జాలీ డిష్‌వాషర్‌లో పట్టదు, చేత్తోనే తోమాలి, ఆ డ్యూటీ మా ఆయనది, ఇప్పుడే ఫోన్ పట్టుకుని మేడ మీదకి జారుకుంటున్నారు, ఆగండి ఆగండి... బై అండి!