పిక్క మీద ఆవగింజలు

అందరికీ నమస్కారం. నలుగురిలోకి వెళ్తే నా చూపు ముందు చెప్పుల మీదికే పోతుంది. పదకొండేళ్ల అలవాటు. అప్పట్లో కుడి చీలమండ మీద శనగబద్దంత తెల్లమచ్చ వచ్చింది. ఇప్పుడు రెండు పాదాలకూ, మోకాళ్ల దాకా అక్కడక్కడా బొల్లి ఉంది.

ఇది అంటుకోదు, కుష్టు కాదు. మీకు తెలిసిందే, కాబట్టి వదిలేస్తాను. మన రక్షణ కణాలే పొరపాటుపడి, చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లను చంపేస్తాయి. ముఖం మీది మచ్చలు తగ్గినంత త్వరగా కాళ్లవి ఎందుకు తగ్గవో నాకు చాలాకాలం అర్థం కాలేదు. కిటుకంతా వెంట్రుక కుదుళ్లలో ఉంది. కొత్త రంగు కణాలు ఎక్కువగా అక్కణ్నుంచే వస్తాయి. పిక్కల మీద వెంట్రుకలుంటాయి, ఆశ ఉంటుంది. కాలివేళ్ల చివర అవి ఉండవు. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడితే ఇంకా కష్టం.

నేను నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతి చికిత్స తీసుకున్నాను. 311 నానోమీటర్ల కాంతి, వారానికి మూడుసార్లు. తోడుగా, ఆ రక్షణ కణాల జోరు తగ్గించే టాక్రోలిమస్ పూత. మూడు నెలలైనా ఏమీ లేదు, మానేద్దామనుకున్నాను. ఐదో నెలలో ఒక పొద్దున చూస్తే పిక్క మీద ఆవగింజలు చల్లినట్టు రంగు చుక్కలు! వెంట్రుకకో చుక్క. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను, నవ్వకండి. మెల్లగా అవి కలిసిపోయి కుడి పిక్క చాలావరకు నిండింది. వేళ్లు మాత్రం తెల్లగానే ఉన్నాయి. కనీసం ఆరు నెలలు చూడందే ఈ వైద్యం పనిచేయలేదని అనకండి.

రాపిడి సంగతి ఎవరూ పట్టించుకోరు. బిగుతు బూటు, సాక్సు ఎలాస్టిక్, చెప్పుల పట్టీ ఒరుసుకున్నచోట కొత్త మచ్చ రావచ్చు. దీన్ని కోబ్నర్ ప్రభావం అంటారు. కొన్ని రబ్బరు చెప్పుల్లోని రసాయనాలూ రంగును పోగొడతాయి. మచ్చ అచ్చం పట్టీ ఆకారంలోనే ఉంటే, డాక్టరు దగ్గరికి ఆ చెప్పుల్ని కూడా తీసుకెళ్లండి.

ఏడాదిగా మచ్చలు కదలకుండా ఉంటే చర్మం అతికే ఆపరేషన్ చేస్తారు, కానీ వేళ్ల మీద ఫలితం అంతంతమాత్రం. బొల్లికి రాసే రుక్సోలిటినిబ్ అనే క్రీముకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది కూడా పాదాల దగ్గర నెమ్మదే. దాచుకోవాలనిపిస్తే రంగు పూతలున్నాయి. దాచుకోవడం పిరికితనం అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. సన్‌స్క్రీన్ మాత్రం పాదాలకూ రాయండి. నేను మరిచిపోయి ఒకసారి వేళ్లు కమిలించుకున్నాను.

ఇవాళ కావాలనే పాదాలు కనిపించే చెప్పులు వేసుకొచ్చాను. వెనక వరసవాళ్లు తర్వాత దగ్గరికొచ్చి చూడండి, ఎడమ పిక్క మీద ఆవగింజలు ఇంకా విడివిడిగానే ఉన్నాయి.