వరంగల్ ఊళ్లలో బడిపిల్లల నీళ్ల పరీక్ష: దూరం నుంచి మనం ఏం చేయొచ్చు

అందరికీ నమస్తే. వరంగల్, హనుమకొండ దిక్కు సొంతూరి బడికి ఏదన్నా చేద్దామనుకునే ఎన్నారైల కోసం ఈ వీడియో. బ్యాగులు, నోటుబుక్కులు పంచడం మంచిదే. ఈరోజు చెప్పేది మాత్రం సర్వీస్ లెర్నింగ్ గురించి. అంటే క్లాసులో చదివిన పాఠంతోనే పిల్లలు ఊరికి అక్కరకొచ్చే పని చేస్తరు, చేసినదాన్ని మళ్లీ క్లాసులో కూర్చొని తరచి చూసుకుంటరు. పాఠం లేకుంటే అది శ్రమదానమే.

నీళ్ల పరీక్షతో మొదలుపెట్టండి. మన ఊళ్లలో మిషన్ భగీరథ నల్లా, వాకిట్లో బోరు, తాగడానికి ప్లాంటు క్యాను, మూడూ ఉన్న ఇళ్లు చాలా ఉంటయి. తొమ్మిదో తరగతిలో 30 మంది ఉంటే ఐదుగురికో జట్టు, జట్టుకు 5 శాంపిళ్లు. అనుమానం వచ్చినవి మళ్లీ చూడాలి కాబట్టి 50 పరీక్షలకు సరిపోయే కిట్టు కొనండి. ఫ్లోరైడ్, క్లోరిన్, నైట్రేట్, పీహెచ్ చాలు. గడువు దాటిన ద్రావణాలను నమ్మొద్దు, రంగు తప్పు చూపిస్తయి.

ఎక్కువగా చెడేది శాంపిలు పట్టేకాడనే. బోరు రెండు మూడు నిమిషాలు వదిలి, సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి పట్టాలి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే వాడాలి. క్లోరిన్ మాత్రం నల్లా దగ్గరే చూడాలి, బడికి తెచ్చేలోపు తగ్గిపోతది. ట్యాంకు పక్కిల్లు ఒకటి, లైను చివరిల్లు ఒకటి తప్పనిసరి. తాగునీళ్లకు మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం చివరింటి నల్లాలోనూ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేకుంటే 1.5 దాకా. "కాచి తాగితే పోతది" అని ఇంట్లో అంటే, పోదు నాయనమ్మా, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడతది అని పిల్లలు విడమర్చి చెప్పగలగాలి. పాఠం వంటబట్టిందో లేదో అక్కడ తెలుస్తది.

అంకెలు లెక్కల క్లాసులో సగటుకు, మధ్యగతానికి పనికొస్తయి. పట్టికలో ఇంటిపేర్లు రాయొద్దు, శాంపిలు నంబర్లే రాయాలి. ఫ్లోరైడ్ 1.5 దాటింది కనిపిస్తే ముందు నీటి పరీక్షల ల్యాబుకు పంపి ఖాయం చేసుకోవాలి. ఆ తర్వాతే హెడ్మాస్టరు సంతకంతో పంచాయతీ సెక్రటరీకి ఉత్తరం.

మనం సెలవులకు డిసెంబరులో వస్తం, బడికి అది కలిసిరాదు. జూన్‌లోనే హెడ్మాస్టరుతో మాట్లాడి, బతుకమ్మ సెలవుల లోపు పని అయిపోయేటట్టు చూడండి. ఏ సమస్య తీసుకోవాలన్నది సార్లు, పిల్లలు తేల్చుకోవాలి, మనం కాదు. పిల్లల ముఖాలు వీడియోల్లో పెట్టొద్దు.

పైసల సంగతి. ఇండియన్ పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డున్నా సరే, వస్తది. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారానే పంపండి.

కిట్టులో ఒక పది పరీక్షలు మిగుల్చుకొమ్మని చెప్పండి. ఫిబ్రవరిలో నీళ్లు కిందికి దిగినంక అవే బోర్లు మళ్లీ చూడాలి.