ఏ లోహానికి ఏ పాలిష్: బండికి మెరుగు పెట్టే పనిలో ఎంపిక

దృశ్యం: అమలాపురం దగ్గర ఒక చిన్న షెడ్డు. బల్ల మీద కారు అల్లాయ్ చక్రం ఒకటి, పాత బుల్లెట్ ఇంజను పక్కమూత ఒకటి. పక్కన ఉతికి ఆరేసిన తెల్లటి నూలు గుడ్డలు.

కథనం: నమస్కారం. ఈ చక్రం పైకి వట్టి అల్యూమినియంలాగే కనిపిస్తోంది. దీనికి ఏ పాలిష్ వాడాలో తేల్చుకునే ముందు, తెల్ల గుడ్డకు బఠాణీ గింజంత పేస్టు అద్ది, ఎవరికీ కనిపించని లోపలి అంచు మీద అర నిమిషం మెల్లగా రుద్దుతున్నాను. ఇప్పుడు గుడ్డను దగ్గరగా చూడండి. దాని మీద పాలిష్ రంగు తప్ప మరేమీ లేదు. అంటే నేను రుద్దింది లోహాన్ని కాదు, లోహాన్ని కప్పి ఉన్న క్లియర్ కోటును, అంటే పారదర్శకమైన పూతను. అదే పేస్టుతో ఈ పక్కమూతను నాలుగు సార్లు రుద్దేసరికి గుడ్డ కాటుక పట్టినట్టు నల్లబడింది. ఆ నలుపును చాలామంది మురికి అనుకుంటారు. నిజానికి అది పాలిష్‌లోని సన్నటి గరుకు రేణువులు గీకి తీసిన అల్యూమినియం, దాని మీది ఆక్సైడు పొర కలిసిన పొడి.

లోహపు పాలిష్ చేసే పని ఇంతే. అది ప్రతిసారీ పై పొరను కొంచెం తీసివేస్తుంది. అందువల్ల డబ్బా మీద ఏమి రాసి ఉందన్నది తరువాత చూసుకోవచ్చు. మన చేతి కింద ఉన్నది ఏ లోహం, దాని మీద ఏ పూత ఉంది, ఆ పూత ఎంత మందం అన్నవి ముందుగా తెలియాలి.

దృశ్యం: బుల్లెట్ సైలెన్సరు. మధ్యలో అరచేతి వెడల్పున కొద్దిగా పసుపు ఛాయ.

కథనం: ఈ పసుపు మచ్చ నా చేతి పని. వృత్తిలోకి వచ్చిన కొత్తలో, దసరాకు వాహన పూజ ఉందని ఒక రైతు గారు తన బండిని ముందు రోజు సాయంత్రం తెచ్చి ఇచ్చారు. సైలెన్సరు మీద తుప్పు చుక్కలు పోలేదని మొండిగా పేస్టు వేసి మిషనుతో రుద్దాను. చుక్కలు పోయాయి, వాటితో పాటు క్రోమ్ కూడా పోయింది. వారికి కొత్త సైలెన్సరు కొనిచ్చి, పాతదాన్ని నాతో పనిచేసే కుర్రవాళ్లకు చూపించడానికి ఇక్కడే ఉంచుకున్నాను.

ఎందుకు పోయిందో చెబుతాను. అలంకరణ కోసం వేసే క్రోమ్ పూత సాధారణంగా పావు మైక్రాను నుంచి అర మైక్రాను మందమే ఉంటుంది. అంటే తల వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. దాని కింద పది నుంచి ముప్ఫై మైక్రాన్ల నికెల్ పూత ఉంటుంది. మనకు కనిపించే అద్దం లాంటి నునుపు ఆ నికెల్‌దే; క్రోమ్ దానికి నీలి తెలుపు ఛాయను, గట్టిదనాన్ని ఇస్తుంది. క్రోమ్ ఎంతో గట్టి లోహమే అయినా, పేస్టు పాలిష్‌లలో ఎక్కువగా వాడే అల్యూమినియం ఆక్సైడు దానికన్నా గట్టిది. కాబట్టి మిషను పెట్టి రుద్దితే క్రోమ్ అరిగిపోయి నికెల్ పసుపు బయటపడుతుంది, ఆపైన ఏ పాలిష్ వేసినా ఆ తెలుపు తిరిగి రాదు.

అయితే తుప్పు చుక్కలను ఏమి చేయాలి? వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్కను ఉండలా నలిపి, మంచినీటిలో ముంచి, చుక్క మీద వేలి బరువుతోనే తిప్పండి. కాసేపటికి గోధుమ రంగు నీరు కారుతుంది, దాన్ని గుడ్డతో తుడిచేయండి. ఫాయిల్ క్రోమ్ కన్నా చాలా మెత్తనిది కాబట్టి పూత మీద గీత పడదు, తుప్పు మాత్రం ఊడి వస్తుంది. కానీ ఆ చుక్క కింద పూతలో సూది మొనంత చిల్లు ఉండే ఉంటుంది. లోపలి ఇనుము ఆ చిల్లులో నుంచే తుప్పు పట్టింది. చిల్లును పూడ్చే పాలిష్ ఏదీ లేదు. ఆరిన వెంటనే మైనం పట్టించి, నెలకోసారి మళ్లీ పట్టించడమే మన చేతిలో ఉన్నది.

కారు ముందు జాలీ, అద్దాల తొడుగులు, డోరు పిడులు క్రోమ్‌లా మెరుస్తున్నా చాలావరకు ప్లాస్టిక్కే. గోటితో తడితే మొద్దు శబ్దం వస్తుంది, అయస్కాంతం అంటదు. వాటికి షాంపూ నీళ్లు, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ తప్ప మరేదీ వద్దు.

దృశ్యం: అంతర్వేది రేవు దగ్గర రొయ్యల లారీ. ఐసు కరిగిన నీరు వెనుక తలుపు కింద నుంచి స్టీలు బంపరు మీదికి కారుతోంది.

కథనం: మన ప్రాంతంలో లోహం మీద పడే దెబ్బ ఇది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఈ అంచు నుంచి ఓడలరేవు దాకా గాలిలోనే ఉప్పు ఉంటుంది. చెరువుల మీద తిరిగే బండ్లకు ఆ పైన ఉప్పు నీటి తడి. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదని పేరే గానీ, 304 రకం స్టీలు మీద ఉప్పు నిలిస్తే టీ మరకల లాంటి గోధుమ రంగు తేలుతుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం ఇంకొంత తట్టుకుంటుంది. మరక తేలిన స్టీలును ఇనుప పీచుతో రుద్దడం మన షెడ్లలో తరచుగా జరిగే పొరపాటు. పీచు నుంచి రాలిన ఇనుప తునకలు స్టీలు గీతల్లో ఇరుక్కుని, వారం తిరగకుండా అవే తుప్పు పడతాయి, అప్పుడు స్టీలే పాడైందని అనుకుంటాం. స్టీలు మీద సన్నని చారలున్న పనితనమైతే ఆ చారల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే మచ్చలా కనిపిస్తుంది.

ఇక ఏ లోహమైనా సరే, పాలిష్ డబ్బా తెరిచే ముందు బండిని ధారాళంగా కడగాలి. వరదల కాలంలో గోదావరి ఎర్రనీటితో వచ్చే ఒండ్రులోని ఇసుక ఎక్కువగా క్వార్ట్జు. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద దాని స్థానం 7, అల్యూమినియం స్థానం 3 లోపు. ఆ ఇసుక గుడ్డ కింద ఉండిపోతే మనం పెట్టేది మెరుగు కాదు, గీతలు. కొబ్బరి పీచు చేతికి అందుబాటులో ఉంటుందని దానితో చక్రాలు తోమే అలవాటు కోనసీమలో ఉంది. ఇంట్లో గిన్నెలకు అది మంచిదే, మెరుగు పెట్టిన అల్యూమినియానికి మాత్రం పనికిరాదు. చివరిసారి కడిగే నీరు కాలువ నీరో వాన నీరో అయితే మేలు. తీరం వైపు బోరు నీరు చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది, ఎండలో ఆరితే తెల్లటి మరకలు విడిచిపెడుతుంది.

అల్యూమినియం విషయంలో ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. దాన్ని కాపాడే సహజమైన ఆక్సైడు పొర, ఆమ్ల క్షార గుణాలను కొలిచే పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్య ఉన్నప్పుడే నిలకడగా ఉంటుంది. జిడ్డు త్వరగా వదులుతుందని కాస్టిక్ సోడా కలిపిన నీరు చల్లితే ఆ పొర కరిగి, లోహం మసకబారి నల్లగా తేలుతుంది. చింతపండు కూడా ఇత్తడికే సరిపోయిన వస్తువు. పూజ గిన్నెల మీది నల్లదనాన్ని అందులోని టార్టారిక్ ఆమ్లం చక్కగా కరిగిస్తుంది గానీ, అదే గుజ్జు చక్రం మీద ఆరిపోతే మచ్చ మిగులుతుంది. పూజలో చక్రం కింద నలిగిన నిమ్మకాయ రసాన్నీ, ముందు కొట్టిన కొబ్బరికాయ నీళ్లనూ ఆ రోజే కడిగేయమని మా దగ్గరికి వచ్చేవారికి నేను ప్రత్యేకంగా చెబుతాను.

ఇత్తడి గంటలు, పాత హారన్లు, పేరు పలకలు వచ్చినప్పుడు బ్రాసో లాంటి ద్రవం సరిపోతుంది. ఇత్తడి పాలిష్ ద్రవాల్లో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది కాబట్టి, పని అయ్యాక తప్పకుండా కడిగి తుడవాలి. వంచినందువల్లో నొక్కినందువల్లో లోపల బిగువు మిగిలిన ఇత్తడిని అమ్మోనియా పగులగొట్టగలదు. బ్రిటిష్ సైన్యం మన దేశంలో నిల్వ చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో పగిలిపోవడానికి గుర్రపుశాలల నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని తరువాత తేల్చారు.

దృశ్యం: బల్ల మీద మూడు యంత్రాలు: నాలుగు అంగుళాల గ్రైండరు, వేగం మార్చుకోగల రోటరీ పాలిషరు, మోటారుకు బిగించిన ఆరు అంగుళాల బఫ్ చక్రం (మెరుగు పెట్టడానికి వాడే గుడ్డ లేదా నార చక్రం).

కథనం: పనిముట్లలో మన షెడ్లన్నింటిలో ఉండేది ఈ గ్రైండరు. దీనికి బఫ్ చక్రం బిగించి పాలిష్ చేయడం నేను ఒప్పుకోను, కారణం లెక్కలోనే ఉంది. ఇది నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే నాలుగు అంగుళాల చక్రం అంచు సెకనుకు 58 మీటర్ల వేగంతో లోహాన్ని రాస్తుంది. ఆరు అంగుళాల బఫ్ చక్రం 2,900 చుట్ల మోటారు మీద తిరిగితే ఆ వేగం 23 మీటర్లే. మొదటిదానితో పాలిష్ కాలిపోయి నల్లటి జిడ్డు గీతలుగా అతుక్కుంటుంది, పలుచని రేకు వేడికి వంకర పోతుంది. బండికి బిగించి ఉన్న భాగాలకు 600 నుంచి 3,000 చుట్ల మధ్య వేగం మార్చుకోగల రోటరీ పాలిషరు కొనండి, విప్పగలిగిన భాగాలకు బల్ల మోటారు వాడండి.

బఫ్ చక్రాలలో సైసల్ నారది గట్టిగా కోస్తుంది, కుట్లు వేసిన నూలుది మధ్యరకం, కుట్లు లేని వదులు నూలుది చివరి మెరుగుకు. వాటికి అద్దే పాలిష్ కడ్డీలలో గోధుమ రంగు ట్రిపోలీ అనే గరుకు రకం అల్యూమినియానికి, ఇత్తడికి. ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడు స్టీలుకు. ఒక్కో కడ్డీకి ఒక్కో చక్రం ఉండాలి. ఒకసారి ట్రిపోలీ పట్టిన చక్రంతో చివరి మెరుగు ఎన్నటికీ రాదు.

లోతైన గీతలు, గుంటలు ఉంటే పాలిష్‌తో గంటలకొద్దీ రుద్దడం వృథా. నీళ్లు పెట్టి వాటర్ పేపరుతో మొదలుపెట్టాలి. దాని మీది పీ అంకె పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది: పీ400 రేణువు సగటున 35 మైక్రాన్లు, పీ1000ది 18, పీ2000ది 10. 400 నుంచి నేరుగా 2000కు దూకితే 400 చేసిన గీతలు అలాగే ఉండిపోయి, మెరుగు పెట్టిన తరువాత ఎండలో బయటపడతాయి. 400, 600, 800, 1000, 1500, 2000 అని మెట్టు మెట్టుగా వెళ్లాలి. మెట్టు మారినప్పుడల్లా రుద్దే దిక్కును కూడా అడ్డంగా మార్చండి. ముందటి గీతలన్నీ పోయాయో లేదో కంటికి తెలిసిపోతుంది.

బఫ్ చక్రం దగ్గర నిలబడేటప్పుడు మెడలో కండువా, వదులు చొక్కా చేతులు, వేలాడే లుంగీ అంచు ఉండకూడదు. మెరుగు పెట్టే ముక్కను చక్రం మధ్య గీతకు కొంచెం కిందనే ఆనించాలి, చక్రం అంచు మీద నుంచి జారిపోయేలా పట్టాలి గానీ అంచుకు ఎదురుగా పెట్టకూడదు. ఎదురు పెడితే ముక్కను చేతిలోంచి లాగి విసిరేస్తుంది. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు తప్పనిసరి. అల్యూమినియం సన్నపొడి మంట అంటుకునే పదార్థం కాబట్టి, ఇనుము గ్రైండింగ్ చేసే చోట నిప్పురవ్వల కింద దాన్ని పోగుపడనివ్వకండి.

దృశ్యం: మెరుగు పెట్టిన పక్కమూత మీద వేలితో పలుచగా మైనం పూస్తున్నారు.

కథనం: మెరుగు పెట్టిన అల్యూమినియాన్ని ఏ పూతా లేకుండా మన ఉప్పు గాలిలో వదిలితే కొద్ది వారాలకే మసకబారుతుంది. అందుకే గుడ్డ నల్లబడటం ఆగేదాకా తుడిచి, షాంపూ నీటితో పాలిష్ నూనెను వదిలించి, పూర్తిగా ఆరాక కార్నౌబా మైనమో సింథటిక్ సీలెంటో పట్టించాలి. కొబ్బరి నూనె తడిని కొంతకాలం ఆపుతుంది, నెలల తరబడి షెడ్డులో నిలిపే బండికి నేను కాదనను. రోడ్డు మీద తిరిగే బండికి రాస్తే మాత్రం దుమ్మును పట్టి ఉంచి, తుడిచినప్పుడల్లా గీతలు పెడుతుంది.

ఇప్పుడు మొదటి చక్రం దగ్గరికి వద్దాం. వాలు వెలుతురులో చూస్తే దీని అంచున, క్లియర్ కోటు కింద పురుగు పాకినట్టు సన్నని తెల్ల గీతలు ఉన్నాయి. రాయి తగిలి పూత చిట్లిన చోట ఉప్పు తేమ దూరి, పొర కింద లోహాన్ని తింటూ వెళ్లిన దారి అది. పైనుంచి ఎంత రుద్దినా ఆ గీతలు పోవు. ఆ చక్రానికి పూత మొత్తం తీయించి, కొత్త పూత వేయించాలి. యజమాని అందుకు సిద్ధపడేదాకా, కారు పెయింటుకు వాడే సన్న పాలిష్‌ను మెత్తని స్పాంజితో చేత్తోనే పట్టించి, చిట్లిన చోట మైనం నింపితే సరిపోతుంది.

దృశ్యం: లోహపు పేస్టు ట్యూబుకు మూత బిగించి, తిరిగి అరలో పెట్టారు.