సాసేజ్ పొట్లంలో దొరికిన ఆటగాళ్లు: 1954 నాటి విల్సన్ ఫ్రాంక్స్ కార్డులు

సభకు నమస్కారం.

యుద్ధానంతర అమెరికాలో బేస్‌బాల్ కార్డుల, అంటే సరుకుతో పాటు వచ్చే ఆటగాళ్ల బొమ్మల అట్టల, ప్రస్తావన వస్తే బౌమన్, టాప్స్ అనే రెండు బబుల్‌గమ్ కంపెనీల పోటీ గురించే అందరూ మాట్లాడతారు. నేను మాట్లాడబోయే సెట్ గమ్‌తో రాలేదు, మాంసంతో వచ్చింది. షికాగోకు చెందిన విల్సన్ అండ్ కంపెనీ 1954లో తన ఫ్రాంక్‌ఫర్టర్ సాసేజ్ పొట్లాల్లో ఒక్కొక్కటిగా పెట్టి పంచిన ఇరవై కార్డులవి. వీటిని ఆట చరిత్రగా కన్నా ఆహార వ్యాపారపు కాగితాలుగా చదివితేనే బాగా అర్థమవుతాయని నా అభిప్రాయం.

ముందు కార్డును దగ్గరగా చూద్దాం. వెడల్పు రెండున్నర అంగుళాలకు కాస్త ఎక్కువ, ఎత్తు మూడుముప్పావు అంగుళాలు. ఆ ఏడాది టాప్స్ కార్డుల కొలత కూడా ఇదే. ఫొటోకు చేత్తో రంగులద్దినట్టు కనిపించే ఆటగాడి బొమ్మ, పైన అతని పేరు, జట్టు, ఆడే స్థానం, బొమ్మ మీద అచ్చువేసిన సంతకం ఉంటాయి. ఇంతవరకు మామూలే. అయితే ఆటగాడి పక్కన, ఏ ఆధారమూ లేకుండా గాలిలో తేలుతున్నట్టుగా, ఒక సాసేజ్ పొట్లం రంగుల్లో కనిపిస్తుంది. టెడ్ విలియమ్స్ అంతటి బ్యాటర్‌కు కూడా ఆ పొట్లం తప్పలేదు. ఇంత మొహమాటం లేని ప్రకటన గమ్ కార్డుల ముఖాన కనిపించదు. కార్డు వెనక ఆటగాడి వివరాలు, 1953 సీజన్ అంకెలు, మొత్తం ఆటజీవితపు అంకెలు ఉంటాయి. కార్డులకు వరుస సంఖ్యలు లేవు కాబట్టి, తన దగ్గర ఎన్ని లోటో కొనేవాడికి కార్డును చూసి తెలిసే వీలు లేదు.

మాంసం కంపెనీకి ఇంతమంది పేరున్న ఆటగాళ్లు ఎలా దొరికారన్నది అసలు ప్రశ్న. జవాబు కొంత ఒప్పందాల్లో ఉంది. గమ్ కంపెనీలు ఆటగాళ్ల బొమ్మల మీద ప్రత్యేక హక్కుల కోసం కోర్టుకెక్కాయి. బౌమన్ కార్డులు తెచ్చిన హేలన్ లేబొరేటరీస్‌కూ టాప్స్‌కూ నడిచిన వ్యాజ్యంలో, 1953లో, ప్రసిద్ధుడైన మనిషికి తన రూపం వాడుక మీద ఆస్తిలాంటి హక్కు ఉంటుందని న్యాయమూర్తి జెరోమ్ ఫ్రాంక్ తీర్పు రాశారు. అమెరికా న్యాయశాస్త్రంలో ఆ హక్కుకు పునాది అదే. ఆ గొడవ ప్రధానంగా గమ్‌తో అమ్మే కార్డుల గురించి. సాసేజ్ అమ్మేవాడు ఆ కంచెకు బయట ఉన్నాడు. 1954లోనే టెడ్ విలియమ్స్ టాప్స్ పక్షాన చేరడంతో బౌమన్ తన 66వ నంబరు కార్డు నుంచి ఆయనను తీసేసి జిమ్మీ పియర్సాల్‌ను పెట్టవలసి వచ్చింది. అదే ఏడాది విల్సన్ పొట్లంలో మాత్రం ఆయన నిశ్చింతగా ఉన్నారు.

ఈ కంపెనీకి ఆటలతో ఉన్న బంధుత్వం కూడా విచిత్రమైనదే. కబేళాలో మిగిలిన పశువుల పేగులతో టెన్నిస్ రాకెట్ తీగలు, ఫిడేలు తీగలు, శస్త్రచికిత్స కుట్లదారాలు తయారుచేయడానికి ఒక మాంసం కంపెనీ 1913లో పెట్టిన అనుబంధ సంస్థే, థామస్ విల్సన్ చేతికి వచ్చాక, ఈనాడు మనకు తెలిసిన విల్సన్ క్రీడాసామగ్రి సంస్థగా ఎదిగింది. మాంసం వ్యాపారమూ అదే మనిషి పేరుతో సాగింది.

ఆటగాళ్ల ఎంపికలో షికాగో ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. రాయ్ కాంపనెల్లా, గిల్ హాడ్జెస్, కార్ల్ ఎర్స్‌కిన్ వంటి బ్రూక్లిన్ డాడ్జర్స్ వాళ్లూ, క్లీవ్‌లాండ్ పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) బాబ్ ఫెల్లరూ ఉన్నా, షికాగోలోని రెండు జట్ల మేనేజర్లు పాల్ రిచర్డ్స్, స్టాన్ హ్యాక్ ఇద్దరికీ కార్డులు దక్కాయి. హ్యాక్ షికాగో జట్లలో ఒకటైన కబ్స్‌కు మేనేజర్ అయింది 1954 వసంతంలో, సీజన్ మొదలవబోయే ముందే; కాబట్టి ఆయన కార్డు ఆ తర్వాతే అచ్చయి ఉంటుందని ఊహించవచ్చు. న్యూయార్క్‌లో స్టాల్‌మేయర్, సెయింట్ లూయిస్‌లో హంటర్, సిన్సినాటిలో కాన్స్ వంటి సాసేజ్ కంపెనీలు ఎక్కువగా తమ ఊరి జట్లనే నమ్ముకోగా, విల్సన్ అనేక జట్లను కలిపింది.

ఇక మరకల సంగతి. కార్డు సాసేజ్ పక్కనే కూర్చుని వంటింటికి చేరింది కాబట్టి కొవ్వు కాగితంలోకి ఇంకింది, జిడ్డు అంటని ప్రతి దొరకడం కష్టమైంది. మన దేశంలో బిగ్‌ఫన్ బబుల్‌గమ్ బొమ్మలు దాచుకున్నవాళ్లకు తీపి వాసన మిగిలింది. విల్సన్ కార్డులు దాచుకున్నవాళ్లకు మాంసపు నూనె. కార్డులను వర్గీకరించిన జెఫర్సన్ బర్డిక్ తన కేటలాగులో ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకు 'టి', ఆహారపదార్థాలతో వచ్చినవాటికి 'ఎఫ్' అనే అక్షరాలు కేటాయించారు. కార్డు దేనితో కలిసి అమ్ముడైందన్నదే ముందు చూడాలని ఆయన గుర్తించారన్నమాట. మార్కెట్ మాత్రం మరకను లోపంగా లెక్కగట్టి ధర తగ్గిస్తుంది. కొనేవాళ్ల లెక్క వాళ్లది. చరిత్ర కోసం వెతికేవారికి మాత్రం నేను జిడ్డు పట్టిన ప్రతినే చూడమంటాను, ఎందుకంటే అది నిజంగా పొట్లంలో ప్రయాణం చేసిందనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం కార్డు మీద మరొకటి లేదు.