మొదటిసారి వింటున్నారా, నిజంగానా? రియాక్షన్ వీడియోల మీద నా రివ్యూ

నమస్తే అండి. ఈరోజు రివ్యూ పాట మీద కాదు, పాట వింటున్న మనుషుల మీద. "వోకల్ కోచ్ మొదటిసారి విన్నాడు", "ఈ డ్రమ్మర్ ఎప్పుడూ వినని పాట"... ఇలాంటివి మీకూ రోజూ కనబడుతూనే ఉంటాయి. థంబ్‌నెయిల్ మీద నోరు తెరిచిన ముఖం, పక్కన ఓ ఎర్ర బాణం. వాళ్ళు నిజంగా మొదటిసారే వింటున్నారా?

నేను పదేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. అందుకని ఎవరైనా పాట వింటుంటే నా కళ్ళు ముందు చేతుల మీదకే పోతాయి. ఒకసారి మా మాస్టారికి ఫోన్‌లో ఒక సినిమా పాట పెట్టాను. కచేరీలు, భజనలు తప్ప ఆయనకి వేరే లోకం లేదు. పాట రాగానే అలవాటుగా తొడ మీద తాళం అందుకున్నారు. ఆ పాట ఎత్తుగడ సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, ఉండదు. దెబ్బ పడ్డాక కాస్త జాగా వదిలి మొదలవుతుంది, అనాగతం అంటామే, అది. పల్లవి రెండో లైనుకి వచ్చేసరికి ఆయన తాళం పక్కకి పోయింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. రెండు ఆవర్తాలు, అంటే తాళం రెండు చుట్లు, అలాగే విని, మూడోదానికి సరిగ్గా సమం మీద దించారు. "ఊఁ... మళ్ళీ పెట్టు" అన్నారు. అంతే. ఆహా లేదు, ఓహో లేదు.

నా దృష్టిలో మొదటిసారి వినడమంటే ఆ ఆగిన చెయ్యి. ముందే విన్నవాళ్ళు నోరు తెరవగలరు, కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకోగలరు. తెలిసిన పాటకి తాళం తప్పి, వెతుక్కుని, మళ్ళీ దారిలో పడటం మాత్రం నటించడం చాలా కష్టం.

ఇప్పుడు డ్రమియో సంగతికొద్దాం. కెనడాలో డ్రమ్స్ నేర్పే ఛానెల్ అది. స్నార్కీ పప్పీ అనే జాజ్ బృందంలో వాయించే లార్నెల్ లూయిస్‌కి, పేరున్న మెటల్ బృందం మెటాలికా వాళ్ళ "ఎంటర్ శాండ్‌మన్" వినిపించారు. 1991 నాటి పాట, ఐదున్నర నిమిషాలు. ఒక్కసారి విని, వెళ్ళి డ్రమ్స్ మీద కూర్చుని వాయించేశాడు. "అంత పెద్ద డ్రమ్మర్ ఆ పాట వినకపోవడమేంటి, అబద్ధం" అన్నవాళ్ళు బోలెడుమంది. నేనైతే నమ్ముతాను. ఆయన టొరంటోలో చర్చి సంగీతంలో పెరిగిన మనిషి. మా మాస్టారు ఆ సినిమా పాట వినలేదంటే మనం నమ్మమా? 2020లో ఇండియానా రాష్ట్రంలోని గేరీ ఊరి కవల కుర్రాళ్ళు ఇంగ్లండ్ గాయకుడు ఫిల్ కాలిన్స్ "ఇన్ ది ఎయిర్ టునైట్" విని అదిరిపడినప్పుడూ ఇవే అనుమానాలు. అది 1981 పాట, వాళ్ళు పుట్టకముందుది! డ్రమ్స్ విరుచుకుపడేది మూడున్నర నిమిషాలు దాటాక. అంతసేపు ఓపికగా విన్నందుకే ఆ కుర్రాళ్ళంటే నాకు ఇష్టం.

లార్నెల్ వీడియోలో నాకు నచ్చింది ఆశ్చర్యం కాదు, పని. పాట ఎక్కడ మలుపు తిరిగింది, ఏ భాగం మళ్ళీ వచ్చింది, మొదట్లో డ్రమ్స్ మెల్లగా ఎలా పేరుకుంటూ వచ్చాయి, ఇదంతా ఒక్క వినికిడిలో మనసులో సర్దుకున్నాడు. ఎక్కడో హోటల్లో ఆ పాట చెవిన పడి ఉండొచ్చేమో అనుకున్నా, ఆ సర్దుకోవడం అబద్ధం కాదు కదా.

వోకల్ కోచ్‌ల దగ్గరే నాకు ఇబ్బంది. పది సెకన్లకోసారి పాట ఆపేస్తారు. మైమరచిపోయి ఆపారనుకుంటాం. చాలావరకు అది కాపీరైట్ భయం. పాట ఏకబిగిన వెళ్తే యూట్యూబ్‌లో హక్కులున్న పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు పట్టుకుంటుంది, ఆదాయం పాట హక్కులున్నవాళ్ళకి పోతుంది. 2017లో న్యూయార్క్ కోర్టు ఒక రియాక్షన్ వీడియోని న్యాయమైన వాడకమే (ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకం) అంది, కానీ అన్ని రియాక్షన్ వీడియోలకీ ఆ మాట వర్తించదని కూడా చెప్పింది. అందుకే ఆపుతారు, మాట్లాడతారు. దాన్ని నేను తప్పు పట్టను. ఆపిన ప్రతిసారీ "ఏం గొంతు, ఏం కంట్రోల్" అని ఒకటే మాట అనడమే తప్పు. పైగా చాలా ఛానెళ్ళలో పాట ఎంచేది నెలనెలా డబ్బు కట్టే సభ్యులు. ఓటింగ్ పెట్టి, పేర్లు చూసి, థంబ్‌నెయిల్ చేసి, అప్పుడు "ఈ గాయకుడెవరో నాకు తెలీదు" అంటే నాకు మనసొప్పదు.

ఇందులో మన వంతూ ఉంది. 2023 మార్చిలో "నాటు నాటు"కి ఆస్కార్ వచ్చాక, మన పాట విదేశీయులు మెచ్చుకుంటుంటే నేనూ రాత్రి రెండింటిదాకా చూశాను. కడుపు నిండిపోయింది. మనం ఆ పొగడ్త కోసం వెళ్తున్నామని తెలిసిన ఛానెల్ పొగడ్తే వడ్డిస్తుంది.

ఈమధ్య ఒక చిన్న ఛానెల్లో ఓ పాటల టీచర్ మన కీర్తన ఒకటి విన్నారు. గమకం దగ్గర, అంటే స్వరాన్ని ఊపుతూ పాడే చోట, ఆపి, "ఇది వణుకు కాదు, స్వరం నుంచి స్వరానికి కావాలనే వెళ్తున్నారు" అన్నారు. తనే పాడబోయారు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. మూడోసారి కూడా రాలేదు, ఆ ముక్క కట్ చేయలేదు. ఆ వీడియోకి నా పదికి పది.

డ్రమియో వీడియో చూడబోతే ఒక పని చేయండి. ముందు సౌండ్ తీసేసి లార్నెల్ చేతులు, తల ఎక్కడ కదులుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. తర్వాత సౌండ్ పెట్టి మొదటినుంచి వినండి.