నాలుగో కోడు

(కడపలో వడ్రంగి పనివారు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చేతిపని గొప్పదా, మిషన్ పని గొప్పదా అన్న దాని మీద మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లుగా లేత్ (కర్రను గుండ్రంగా తిప్పుతూ చెక్కే యంత్రం) ముందు నిలబడి బతుకుతున్నవాణ్ని కాబట్టి, చేతిపనే గొప్పదని చెప్పి చప్పట్లు కొట్టించుకుని దిగిపోతాననుకుని ఉంటారు. అంత సులువుగా చెప్పలేను.

ఈమధ్య షాపుల్లో కొయ్య సామాన్లకు ఒక చీటీ వేలాడుతోంది. ‘చేత్తో చేసినది, ఏ రెండూ ఒకేలా ఉండవు’ అని. మా మేస్త్రీ బతికుంటే ఆ చీటీ చూసి పడీ పడీ నవ్వేవాడు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక మంచానికి నాలుగు కోళ్లు కడసలు పట్టాను. పుస్తకాల్లో దీన్నే తరిమెన పట్టడం అంటారు, మాకు మాత్రం కడసలే. విడివిడిగా చూస్తే నాలుగూ బాగానే ఉన్నాయి. మేస్త్రీ ఏమీ అనలేదు. వాటిని అరుగు మీద వరసగా పడుకోబెట్టి, మొదటి కోడు పూస (గుండ్రంగా ఉబ్బెత్తుగా చెక్కిన చోటు) మీద నుంచి అడ్డంగా దారం లాగి పట్టాడు. ఆ దారం రెండో కోడులో గాడిలో పడింది, మూడో దాంట్లో పూసకు అంగుళం అవతల. ‘నాలుగు మంచాలకు తలా ఒక కోడు చేసినావు కదరా, ఒక మంచానికి ఎప్పుడు చేస్తావు?’ అన్నాడు.

ఆ సాయంత్రమే గుర్తుల బద్ద చేయడం నేర్పాడు. సన్నటి బద్ద మీద పూస ఎక్కడ, గాడి ఎక్కడ అని కత్తిగాట్లు పెట్టుకోవాలి. కర్ర తిరుగుతుండగా బద్దను పక్కన ఆనించి, గాటు ఉన్న చోటల్లా పెన్సిల్ తగిలిస్తే కర్ర చుట్టూ గీతలు పడతాయి. తర్వాత ఒక్కో గీత దగ్గర లావెంతో కాలిపర్‌తో, అంటే లావు కొలిచే పనిముట్టుతో, చూసుకోవాలి. అంతే. దాంతో యాభై కోళ్లయినా నూలు తేడా లేకుండా దించవచ్చు. నూలంటే మా లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. ఒకేలా చేయడం మిషన్ వచ్చాక పుట్టిన విద్యేమీ కాదు. అది చేతకానివాడు ‘ఏ రెండూ ఒకేలా ఉండవు’ అని చీటీ కట్టుకుంటే దాన్ని కళ అనడానికి నాకు నోరు రాదు.

ఏటికొప్పాక చూడండి. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క ముక్కను ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఒకే బొమ్మను వందల్లో చేస్తారు. 2017లో వాళ్లకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అది ఆ ఊరికీ ఆ పద్ధతికీ వచ్చింది, బొమ్మకూ బొమ్మకూ తేడా ఉందని కాదు.

మిషన్ సంగతికొస్తే, అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ అనే ఆయన తుపాకీ కొయ్య భాగాల కోసం ఒక నకలు లేత్ తయారుచేసి 1819లో పేటెంట్ తీసుకున్నాడు. ఒక చక్రం నమూనాను తడుముతూ పోతుంటే, కోసే చక్రం అదే దారిలో కొత్త కర్రను చెక్కుతుంది. ఆ మరుసటి ఏడాదే సి.పి. బ్రౌన్ దొర మన కడపకు వచ్చాడు. ఆయనదీ నకళ్ల పనే, కాకపోతే చేతిరాత నకళ్లు. ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు లైబ్రరీ ఉన్నచోట ఆయన బంగళా ఉండేది. పండితులను పెట్టుకుని తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. ఒకే పద్యం ఒక ప్రతిలో ఒకలా, ఇంకో ప్రతిలో ఇంకోలా. ఒకచోట రాసినవాడి నిద్రమత్తు, ఒకచోట వాడి అతితెలివి. ఏది కవి మాటో తేల్చడం చిన్న పని కాదు.

ఆర్నెల్ల కిందట నాకూ అలాంటి పనే తగిలింది. ఒకమ్మ వాళ్లింటి పాత టేకు ఉయ్యాలతొట్టి తెచ్చింది. మూడు కోళ్లున్నాయి, నాలుగోది చెదలు తినేసింది. ‘వీటిలాగే ఒకటి చేసియ్యన్నా’ అంది. సరేనని కాలిపర్ పెట్టి చూస్తే మూడూ మూడు రకాలు! ఒకదాని పూస నూలు లావు, ఇంకోదాని మెడ నూలు పొడవు. తొట్టి బిగించి చూస్తే మాత్రం ఆ తేడా కంటికి ఆనడం లేదు. మరి దేనికి నకలు తీయాలి? రెండు రోజులు అవి బల్ల మీదే ఉన్నాయి. మూడో రోజు పొద్దున కిటికీ వెలుతురులో తిప్పి చూస్తుంటే ఒకటి కనబడింది. మూడింట్లోనూ ప్రతి పూసకూ కిందివైపు గాడి కాస్త లోతు, పైవైపు కాస్త తక్కువ. కొలతలు తప్పినా ఆ చేతివాటం ఎక్కడా తప్పలేదు. ఉప్పు కాగితంతో గట్టిగా రుద్ది ఉంటే అదీ పోయేది. కొలతలు మూడింటికీ నడిమధ్యగా తీసుకుని, గాడి మాత్రం ఆ పెద్దాయన వాటంలోనే కోశాను. నా చెయ్యి అలా పోదు. రెండు కర్రలు పాడయ్యాయి.

మిషన్ అంటే నాకు కోపం లేదు. మెట్ల రెయిలింగ్‌కు అరవై కంబాల ఆర్డర్ వస్తే నేనే సీఎన్‌సీ షాపుకు, అంటే కంప్యూటర్ నడిపే మిషన్ ఉన్న చోటికి, పంపిస్తాను. కాకపోతే కర్ర మిషన్ మాట కూడా పూర్తిగా వినదు. పచ్చి కర్ర ఆరేటప్పుడు, మొద్దు కోస్తే కనబడే ఉంగరాల వెంబడి ఎక్కువ ముడుచుకుంటుంది, నడుమ నుంచి బయటికి అందులో దాదాపు సగమే, నిలువునా దాదాపు ఏమీ ఉండదు. పచ్చి మొద్దుతో యాభై గిన్నెలు ఒకే అచ్చులో దించి, ఒక కడప ఎండాకాలం ఆగి చూడండి. యాభై రకాల కోలగిన్నెలు ఉంటాయి. ఎర్రచందనం ఎలా ముడుచుకుంటుందని మాత్రం అడగొద్దు. దాని జోలికి పోతే ముందు మనం ముడుచుకుంటాం.

ఉయ్యాల సంగతి చెప్పేసి దిగిపోతాను. బిగించి ఇచ్చాక ఆయమ్మ చుట్టూ తిరిగి చూసి, పాతవి నల్లగా, కొత్తది తెల్లగా ఉంది, రంగు వెయ్యమంది. వద్దమ్మా, పిల్లోడి చేతి నూనె, జిడ్డు తగిలితే రెండేళ్లలో అదే నల్లబడుతుందన్నాను. సరే, అప్పుడు చూద్దాంలే అని వెళ్లిపోయింది. మిగిలిన మూడు వందలు కూడా అప్పుడే ఇస్తుందేమో.